'సరే' అనే అధికారం ఎవరిది? బెంగళూరులో ఒక పరిపాలనా భవనం ముట్టడి: మధ్యవర్తి నివేదిక

2024 మార్చి 6, బుధవారం ఉదయం రిజిస్ట్రార్ నాకు ఫోన్ చేసేసరికి ఆ విశ్వవిద్యాలయ పరిపాలనా భవనం కింది అంతస్తు విద్యార్థుల చేతుల్లోకి వెళ్లి రెండు రాత్రులు గడిచాయి. "మేడమ్, మీరు ఒకసారి వచ్చి పిల్లలకు నచ్చజెప్పాలి" అన్నారాయన. నచ్చజెప్పడం మధ్యవర్తి పని కాదని, రెండు పక్షాలూ పిలిస్తేనే వస్తానని చెప్పాను. మధ్యాహ్నానికి విద్యార్థుల వైపు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. నగరంలోని పీణ్య పారిశ్రామిక వాడలో ఒక కార్మిక వివాదంలో నాతో పనిచేసిన సంఘం వాళ్లు ఆమెకు నా నంబరు ఇచ్చారట. సాయంత్రం అయిదున్నరకు వెళ్లాను.

నేను అనంతపురం జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన న్యాయవాదిని. పదిహేనేళ్లుగా ప్రధానంగా కార్మిక వివాదాల్లో మధ్యవర్తిత్వం చేస్తున్నాను. క్యాంపస్ వివాదం చేపట్టడం ఇది మూడోసారి. ఈ నివేదికను రెండు పక్షాల అనుమతితో, సంస్థనూ వ్యక్తులనూ గుర్తుపట్టగల వివరాలు తీసేసి రాస్తున్నాను. ఇటువంటి వివాదాల్లోకి దిగే తెలుగు న్యాయవాదులకు, అధ్యాపక సంఘాల వారికి, అలాగే రేపు తామే ఒక భవనంలో కూర్చోవలసి వచ్చే విద్యార్థులకు ఇది పనికొస్తుందని నా ఆశ.

ముట్టడికి ముందు

డిమాండ్లు మూడు. మూడూ ఒకే కాగితం మీద ఉన్నా వాటి మూలాలు వేరు.

మొదటిది డబ్బు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించిన స్కాలర్‌కు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) ఇస్తుంది. జేఆర్ఎఫ్ రానివారికి ఆ విశ్వవిద్యాలయం తన సొంత నిధుల నుంచి నెలకు పదివేలు స్టైపెండ్ ఇచ్చేది. అది అక్టోబరు నుంచి ఆగిపోయింది. ఒకే గైడ్ కింద, పక్కపక్క బల్లల మీద పనిచేసే ఇద్దరిలో ఒకరికి నెల తిరిగేసరికి డబ్బు పడుతుంటే, రెండోవారు మెస్ బిల్లు కట్టడానికి ఆ మొదటివారి దగ్గరే చేబదులు తీసుకునే పరిస్థితి వచ్చింది.

రెండోది గది. 2022 నవంబరులో యూజీసీ నోటిఫై చేసిన పీహెచ్‌డీ నిబంధనలు పరిశోధనకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు ఇచ్చాయి. మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు పొడిగించవచ్చు. మహిళలకూ, నలభై శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. అదే విశ్వవిద్యాలయంలోని హాస్టల్ విభాగం మాత్రం జనవరిలో ఒక సర్క్యులర్ తెచ్చి, నాలుగేళ్లు నిండినవారు గదులు ఖాళీ చేయాలన్నది. పరిశోధనకు ఆరేళ్లు ఇచ్చి తల దాచుకోవడానికి నాలుగేళ్లే ఇస్తే మిగతా రెండేళ్లు థీసిస్ ఎక్కడ కూర్చుని రాయాలో ఆ సర్క్యులర్ చెప్పలేదు. బెంగళూరులో పీజీ హాస్టళ్ల అద్దెలు తెలిసినవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు.

మూడోది చదువుకునే చోటు. స్కాలర్లు కొందరు రెండేళ్లుగా గురువారం సాయంత్రాలు ఒక తరగతి గదిలో అధ్యయన బృందం నడుపుతున్నారు. కులం, శ్రమ, భూమి, విద్యా విధానం మీద పుస్తకాలు తెచ్చుకుని కలిసి చదవడం, వాదించుకోవడం వారి పని. స్టైపెండ్ ఆగాక ఒక గురువారం విశ్వవిద్యాలయ బడ్జెట్ పత్రాలనే ముందు పెట్టుకుని చదివారు. తర్వాతి వారం సంతకం లేని ఒక ఫిర్యాదు ఆధారంగా 'విద్యేతర కార్యక్రమం' అంటూ గది అనుమతి రద్దు చేశారు, ముగ్గురికి షోకాజ్ నోటీసులు వచ్చాయి. (బడ్జెట్ చదవడం కంటే విద్యాసంబంధమైన పని ఆ గదిలో అంతకుముందు జరిగి ఉంటుందని నేననుకోను.) 2015లో ఐఐటీ మద్రాసులో అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపును మే నెలలో రద్దు చేసి, దేశమంతా నిరసన లేచాక జూన్‌లో తిరిగి ఇచ్చిన ఉదంతం ఈ విద్యార్థులకు కంఠతా వచ్చు. అక్కడా కథ మొదలైంది పేరు లేని ఉత్తరంతోనే.

వీరు నేరుగా భవనంలోకి వెళ్లలేదు. యూజీసీ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది పదిహేను పనిదినాల్లో తన నివేదిక ఇవ్వాలి, దానితో తృప్తి చెందనివారు అంబుడ్స్‌పర్సన్ (అప్పీళ్లు వినే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. స్టైపెండ్ గురించి విద్యార్థులు డిసెంబరులోనే అర్జీ పెట్టారు. కమిటీ కాగితం మీద ఉంది. అందులో ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చోవలసిన విద్యార్థి ప్రతినిధిని నామినేట్ చేయలేదు కనుక సమావేశం జరపలేదన్నారు. నామినేట్ చేయవలసింది ఎవరని అడిగితే ఫైలు వీసీ కార్యాలయంలో ఉందన్నారు. మార్చి 4, సోమవారం సాయంత్రం నాలుగున్నరకు ఊరేగింపుగా వచ్చిన విద్యార్థులు భవనం మెట్ల దగ్గర ఆగకుండా లోపలికి నడిచి కూర్చున్నారు. ఒక్క తాళం పగిలింది. దాని సంగతి చివర్లో వస్తుంది.

లోపలివారు, బయటివారు

పగలు రెండు వందల మంది దాకా, రాత్రిళ్లు అరవై మంది. మూడోవంతు మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవారు: అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చినవారు కొందరు, కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ వైపు నుంచి కన్నడంలో చదువుకుని తెలుగులో పోట్లాడేవారు ఇంకొందరు. వాళ్లు కూర్చున్న పొడవాటి వరండాకు కన్నడ విద్యార్థులు 'కట్టె' అని పేరు పెడితే, మనవాళ్లు దాన్ని 'కట్ట' అన్నారు. రచ్చకట్ట తెలిసిన రాయలసీమ పిల్లలకు ఆ మాట ఎవరూ వివరించనక్కరలేకపోయింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టిన అయిదుగురు దళిత విద్యార్థులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర డేరా వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టడం, ఆ నెల 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల మరణించడం ఈ తరం తెలుగు విద్యార్థుల జ్ఞాపకంలో ఎంత లోతుగా ఉందో ఆ వరండాలో గోడలకు అంటించిన కాగితాలు చూస్తే తెలిసింది.

ఒక తేడా మాత్రం మొదటి సాయంత్రమే నాకు తట్టింది. మన దేశంలో విద్యార్థులు సాధారణంగా గుమ్మం బయట కూర్చుంటారు. వెలివాడ ఆరుబయటే. 2015 అక్టోబరులో నాన్-నెట్ ఫెలోషిప్ రద్దుకు వ్యతిరేకంగా ఢిల్లీలో జరిగిన ఆందోళన యూజీసీ కార్యాలయం ముందు సాగింది. 2016లో జేఎన్‌యూ పరిపాలనా భవనం మెట్లే జాతీయవాదం మీద పాఠాలు చెప్పే తరగతి గది అయ్యాయి. ఏడాదిన్నర తర్వాత ఢిల్లీ హైకోర్టు ఆ భవనానికి వంద మీటర్ల లోపు నిరసనలు వద్దన్నది. భవనం లోపలికి వెళ్లి కూర్చునే పద్ధతి పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ: 1964 డిసెంబరులో బర్క్‌లీలోని స్ప్రౌల్ హాలు నుంచి దాదాపు 800 మందిని అరెస్టు చేశారు, 1968 ఏప్రిల్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అయిదు భవనాలను వారం రోజులు పట్టుకున్న విద్యార్థుల్లో సుమారు 700 మందిని ఏప్రిల్ 30 తెల్లవారుజామున పోలీసులు పట్టుకెళ్లారు. గుమ్మం దాటగానే చట్టం మారుతుంది. బయట కూర్చుంటే అది ధర్నా. లోపలికి వెళ్తే అక్రమ ప్రవేశం అనే మాట వస్తుంది. లోపల ఉద్యోగులు చిక్కుకుంటే అక్రమ నిర్బంధం అవుతుంది. 1967లో పశ్చిమ బెంగాల్‌లో ఘెరావ్‌లు (అధికారులను చుట్టుముట్టి కదలనివ్వకపోవడం) ఉధృతంగా సాగిన తర్వాత జే ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో కలకత్తా హైకోర్టు ఈ గీతే గీసింది. అందుకే నేను వెళ్లిన వెంటనే మొదట అడిగిన ప్రశ్న, "సోమవారం సాయంత్రం లోపల ఉద్యోగులు ఎవరైనా ఉండిపోయారా?" అని. లేరు. అందరూ బయటకు వచ్చేదాకా దారి వదిలారని ద్వారం దగ్గరి సెక్యూరిటీ గార్డు చెప్పాడు. మదనపల్లె అతను. "మేడమ్, నేను ఎవురి పక్క నిలబడల్లో చెప్పండి, మాకూ కాంట్రాక్టరు రెణ్ణెల్ల నుంచి జీతం ఈలా" అన్నాడు. అతని ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కానీ అతని వాంగ్మూలం వల్ల ఆ పన్నెండు రోజుల్లో అక్రమ నిర్బంధం అనే మాట ఎవరి నోటా రాలేదు.

పోలీసు ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. "ఫ్రీడమ్ పార్కుకు పొమ్మనండి మేడమ్, అక్కడ ఎంతసేపు కూర్చున్నా మాకు ఇబ్బంది లేదు" అన్నారు. బెంగళూరులో నిరసనలన్నీ ఒకప్పటి సెంట్రల్ జైలు అయిన ఫ్రీడమ్ పార్కులోనే జరగాలన్న 2021 నాటి ఉత్తర్వు ఆయన మనసులో ఉంది. క్యాంపస్ లోపలి వరండాకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే వాదన. వీసీ అనుమతి లేకుండా పోలీసులు క్యాంపస్‌లోకి అడుగు పెట్టరాదన్న నమ్మకం విద్యార్థుల్లో బలంగా ఉంది. అది ఆనవాయితీయే తప్ప అడ్డుకునే చట్టం కాదని, 2019 డిసెంబరులో ఢిల్లీ జామియా విశ్వవిద్యాలయంలోకి పోలీసులు అనుమతి లేకుండానే ఎలా వెళ్లారో గుర్తు తెచ్చుకోమని వారికి చెప్పవలసి వచ్చింది. ఆ మాట వారికి రుచించలేదు.

నేను చేసిన తప్పు

కర్మాగార వివాదాల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం, గదిలోకి రావలసినవాళ్లు సంతకం చేయగలవాళ్లు అని. యూనియన్‌కు అధ్యక్షుడు, కార్యదర్శి ఉంటారు; యాజమాన్యానికి హెచ్ఆర్ మేనేజరు ఉంటాడు; వారు ఒప్పుకుంటే ఒప్పందం అవుతుంది. అదే అలవాటుతో గురువారం ఉదయం విద్యార్థులను అయిదుగురు ప్రతినిధులను పంపమన్నాను. "మాలో నాయకులు లేరు మేడమ్, ఏదైనా జీబీలోనే తేలాలి" అన్నారు. జీబీ అంటే జనరల్ బాడీ, అందరూ కూర్చుని నిర్ణయించే సభ. వందమందితో చర్చలు జరపలేనని గట్టిగా పట్టుబట్టాను. చివరికి నా మాట కాదనలేక అయిదుగురు వచ్చారు. రిజిస్ట్రార్, డీన్, ఆ అయిదుగురు నాలుగు గంటలు కూర్చున్నారు. రెండు నెలల స్టైపెండ్ వెంటనే ఇవ్వడం, హాస్టల్ సర్క్యులర్‌ను 'పునఃపరిశీలించడం', శుక్రవారం ఉదయానికి భవనం ఖాళీ చేయడం అని ఒక ముసాయిదా తయారైంది. నేను లోలోపల సంతోషించాను కూడా.

రాత్రి పదకొండుకు జీబీ దాన్ని తిప్పి కొట్టింది. తిప్పికొట్టడంతో ఆగలేదు, వెళ్లిన అయిదుగురిని అమ్ముడుపోయారన్నారు. వారిలో ఒకమ్మాయి ఆ తర్వాత రెండు రోజులు కట్ట మీదకు రాలేదు. ఆమెకు ఆ మాట పడటానికి కారణం నేను. మొదట్లోనే నాయకులు లేరని వాళ్లు చెప్పింది నిజమని నేను నమ్మి ఉంటే అది జరిగేది కాదు.

మరుసటి ఉదయం ఇంకో సంగతి బయటపడింది. రిజిస్ట్రార్ 'సరే' అన్న రెండు నెలల స్టైపెండ్ మీద ఆర్థికాధికారి సంతకం కావాలి, ఖర్చు పద్దు మార్చాలంటే విశ్వవిద్యాలయ పాలకమండలి అయిన సిండికేట్ ఆమోదం కావాలి, సిండికేట్ తర్వాతి సమావేశం ఏప్రిల్‌లో ఉంది. అంటే నాలుగు గంటలు ఆ బల్లకు ఇటూ అటూ కూర్చున్న ఏడుగురిలో ఏ ఒక్కరికీ 'సరే' అనే అధికారం లేదు. విద్యార్థులు తమకు అధికారం లేదని ముందే చెప్పారు. అధికారులు చెప్పలేదు, ఎందుకంటే తమకు లేదన్న సంగతి ఒప్పుకోవడం వారికి చిన్నతనం. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ శుక్రవారం ఉదయం రిజిస్ట్రార్ గది బయట, కాఫీ చల్లారిపోతున్న పేపరు కప్పు పట్టుకుని నిలబడ్డప్పుడు నేర్చుకున్నాను.

శివరాత్రి

మార్చి 8 శివరాత్రి. మర్నాడు రెండో శనివారం, ఆపై ఆదివారం. మూడు రోజులు కార్యాలయం ఎలాగూ మూసే ఉంటుంది. కార్యాలయం లేని రోజున కార్యాలయాన్ని ముట్టడించి ఏం లాభమన్న ప్రశ్న లోపలే వచ్చింది. ఇది చిన్న ప్రశ్న కాదు. 1936 డిసెంబరు చివర్లో అమెరికాలోని ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు యంత్రాల పక్కనే కూర్చుని 44 రోజులు కదలకపోతే కార్లు తయారవడం ఆగింది, అందుకే యాజమాన్యం దిగివచ్చింది. విశ్వవిద్యాలయ పరిపాలనా భవనంలో కూర్చుంటే ఆగేది కాగితం. ఆ కాగితంలో సగం విద్యార్థులదే: ట్రాన్స్‌క్రిప్టులు, బోనాఫైడ్ సర్టిఫికెట్లు, సినాప్సిస్ ఫైళ్లు, ఫెలోషిప్ బిల్లులు.

లోపల ఒక చిన్న బృందం అసలు డిమాండ్లే ఉండకూడదని వాదించింది. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో ఫీజుల పెంపుపై భవనాలు పట్టుకున్న విద్యార్థుల్లో ఒక వర్గం 'అన్నీ ఆక్రమించండి, ఏమీ అడగకండి' అన్నది. డిమాండ్ పెట్టిన క్షణం నుంచి ఎదుటివాడు దాన్ని ఎంత తగ్గించాలా అని చూస్తాడు, కనుక మనకు కావలసిన విశ్వవిద్యాలయాన్ని ఈ వరండాలోనే నడిపి చూపుదామని వీరి మాట. అయిదు నెలలుగా డబ్బు రాని స్కాలర్ ముందు ఈ వాదన నిలవదని నా అభిప్రాయం, అది వారికీ చెప్పాను. కానీ ఆ మూడు రోజుల సెలవుల్లో ఉద్యమం చెదిరిపోకుండా నిలిపింది ఆ బృందమే. శివరాత్రి ఎలాగూ జాగారం కదా అని రాత్రంతా తరగతులు పెట్టారు. తొమ్మిదింటికి ఒక విశ్రాంత ఆచార్యుడు విశ్వవిద్యాలయ చట్టాలు ఎలా పుట్టాయో చెప్పారు. పదకొండుకు ఒక స్కాలర్ బెంగళూరు చెరువులు ఎలా మాయమయ్యాయో నేల మీద సుద్దముక్కతో గీసి చూపింది. అర్ధరాత్రి దాటాక మహిళా దినోత్సవం పేరున హాస్టల్ వంటమనిషి ఒకామె తన జీతం చీటీని చదివి వినిపించింది.

ఒంటిగంట ప్రాంతంలో హిందూపురం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పట్టుగూళ్ల వ్యాపారం. కూతురు భవనంలో పడుకుంటోందని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చేశారు. "మా పాప యాడుంది మేడమ్?" అని నన్నే అడిగారు, నా వయసు చూసి నేనే పెద్దదిక్కు అనుకున్నట్టున్నారు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఆమెను ఏమీ అనకుండా కండువా తలకు చుట్టుకుని మూడు గంటలు పాఠాలు విన్నారు. తర్వాత ఆర్థిక శాస్త్రం స్కాలర్ ఒకడు స్టైపెండ్ గురించి మాట్లాడుతుంటే మధ్యలో చెయ్యెత్తారు.

"ఏం నాయనా, అయిదు నెల్ల దుడ్డు, అయిదు నెల్ల దుడ్డు అంటాండారే, ఆ దుడ్డు ఇప్పుడు ఎవురి కాడుంది?"

ఎవరికీ తెలియదు. రాకపోయిన డబ్బు అసలు విడుదలై ఎక్కడో ఆగిందా, లేక లేనేలేదా అన్న ప్రశ్నను మూడు నెలల ఉద్యమంలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. సోమవారం ఉదయం నేను రిజిస్ట్రార్‌తో మాట్లాడిన మొదటి మాట ఆ పెద్దాయన ప్రశ్నే. ఆర్థికాధికారిని రప్పించి పద్దులు చూపించమన్నాం. అనుబంధ కళాశాలల నుంచి వచ్చే రుసుములు తగ్గిపోవడంతో సొంత నిధుల ఖాతాలో నగదు లేదు. రెండు నెలల స్టైపెండ్‌కు సరిపడా మొత్తం మరో పద్దులో ఖర్చు కాకుండా ఉంది. మిగతా మూడు నెలలకు నిజంగానే డబ్బు లేదు. ఆ అంకెలు చూశాక విద్యార్థుల కోపం తగ్గలేదు గానీ దాని దిశ మారింది. 'ఇవ్వరు' అన్నది 'ఎప్పటికి, ఏ పద్దు నుంచి ఇస్తారు' అయింది.

నీళ్లు, ఫెలోషిప్ బిల్లులు

శనివారం ఉదయం భవనంలో నీళ్లు ఆగిపోయాయి. అరవై మంది, నాలుగు మరుగుదొడ్లు. కావాలనే కట్టేశారని కట్ట మీద గంటలో నిర్ధారణ అయిపోయింది. డీన్ ఇంటి ముందుకు వెళ్దామన్న మాట కూడా వచ్చింది. ఆ మార్చిలో బెంగళూరు అంతటా నీటి కరువు. బోర్లు ఎండి, అపార్ట్‌మెంట్లన్నీ ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. నేను వాల్వులు తిప్పే అతన్ని వెతికించి, ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని అతనితో పాటు భవనం పైకప్పు ఎక్కాను. మూత తీసి టార్చి వేస్తే ట్యాంకు అడుగున జానెడు బురద, అందులో ఒక ప్లాస్టిక్ మగ్గు. "మూడు దినాల నుంచి ట్యాంకరు రాలేదు, హాస్టళ్లకే చాలడం లేదు" అన్నాడతను కన్నడంలో. వెంట వచ్చిన కుర్రాడు ఆ మగ్గును ఫోటో తీసి జీబీ గ్రూపులో పెట్టాడు, కింద ఒక్క మాట కూడా రాయకుండా. డీన్ ఇంటి మాట మళ్లీ రాలేదు. మధ్యాహ్నం రిజిస్ట్రార్ తన క్వార్టర్స్‌కు రావలసిన ట్యాంకరును భవనానికి మళ్లించారు. తాను ఆ పని చేసినట్టు ఆయన ఎవరికీ చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు.

సోమవారం ఇంకా సున్నితమైన ఘట్టం. ఫెలోషిప్ సెక్షన్ సూపరింటెండెంట్ తన హ్యాండ్‌బ్యాగ్, టిఫిన్ డబ్బాతో ద్వారం దగ్గర నిలబడ్డారు. కోలారు వైపు ఆవిడ, రిటైర్మెంటుకు ఏడాది ఉంది. జేఆర్ఎఫ్ స్కాలర్ల పేర్లను ప్రతి నెలా కెనరా బ్యాంకు పోర్టల్‌లో 'మేకర్' అనే ఉద్యోగి నమోదు చేసి, 'చెకర్' అనే మరో ఉద్యోగి ధ్రువీకరిస్తే తప్ప వారికి డబ్బు పడదు. గడువు దాటితే ఆ నెల బిల్లు వెనకబడుతుంది. హాజరు పట్టీలన్నీ ఆవిడ బీరువాలో, బీరువా ముట్టడిలో ఉన్న అంతస్తులో.

"ఏమ్మా, లోపలికి రానిస్తారా, రానీరా? ఆ లిస్టులో ఉండేది మీ పేర్లే" అన్నారావిడ.

అక్కడికక్కడే జీబీ కూర్చుంది. రానిస్తే ముట్టడి నామమాత్రం అవుతుందని కొందరు, రానివ్వకపోతే మనవాళ్లలోనే ముప్పైఒక్క మందికి ఈ నెల డబ్బు రాదని కొందరు. స్టైపెండ్ రానివాళ్లు ఏమంటారోనని అందరూ వాళ్ల వైపు చూశారు. వాళ్లే మొదట 'రానివ్వండి' అన్నారు. ఈ మొత్తం ఉదంతంలో నా దృష్టిలో అన్నిటికంటే రాజకీయమైన నిర్ణయం అది. బెంచీలు పక్కకు జరిపి దారి చేశారు. ఆవిడ చెప్పులు బయట విప్పి, దుప్పట్ల మధ్య నుంచి ఎవరినీ తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచి వెళ్లి, సాయంత్రం నాలుగుకు ముప్పైఒక్క పేర్లూ పూర్తి చేశారు. వెళ్లేటప్పుడు స్టైపెండ్ ఫైలు నంబరు ఒక చీటీ మీద రాసి ఎవరూ అడగకుండానే ఒక విద్యార్థి చేతిలో పెట్టారు. ఆ నంబరు లేకపోతే మర్నాడు ఆర్థికాధికారి ముందు ఏ ఫైలు అడగాలో మాకు తెలిసేది కాదు.

ఒక్క మాట మీద నాలుగు గంటలు

మంగళవారం నుంచి పద్ధతి మార్చాను. విద్యార్థుల వైపు ప్రతినిధులను అడగలేదు. ముసాయిదాను నేనే జీబీ ముందు చదువుతానన్నాను. మొదటి రోజు ప్రశ్నలు మాత్రమే, ఓటు లేదు. కనీసం పన్నెండు గంటలు గడిచాక రెండోసారి చదివి చేతులెత్తడం. కన్నడ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ చదవాలి. నెమ్మదిగా సాగే పద్ధతే, కానీ ఎవరినీ అమ్ముడుపోయారనే అవకాశం అందులో లేదు. అధికారుల వైపు ఒక తెల్లకాగితం మీద ప్రతి అంశం పక్కన 'దీని మీద చివరి సంతకం ఎవరిది' అని రాయించాను. ఆ కాగితం నింపడానికి వాళ్లకు ఒక పూట పట్టింది. సిండికేట్ సమావేశం దాకా ఆగనక్కరలేకుండా, అత్యవసర సమయంలో వీసీ తానే నిర్ణయం తీసుకుని తర్వాత సిండికేట్‌కు నివేదించే అధికారం విశ్వవిద్యాలయ చట్టంలో ఉందని ఆ పూటే తేలింది. బుధవారం నుంచి ఆర్థికాధికారి ప్రతి సమావేశంలోనూ కూర్చున్నారు. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు ఏ రోజైనా వెలువడవచ్చని, కోడ్ వస్తే ఏమీ చేయలేమని ఒక అధికారి తొందరపెట్టారు. పాత బకాయి చెల్లింపుకు కోడ్ అడ్డు కాదని చెప్పి ఆ చర్చ అక్కడితో ఆపాను.

స్టైపెండ్, హాస్టల్ అంశాలు త్వరగానే కుదిరాయి. రెండు నెలలది పది రోజుల్లో, మిగతా మూడు నెలలది జూన్, ఆగస్టు, అక్టోబరు నెలల్లో విడతలుగా. హాస్టల్ సర్క్యులర్ నిలిపివేత. ఏటా ప్రగతి నివేదిక సమర్పించే షరతుతో గది గడువు పీహెచ్‌డీ గడువుతో సమానం. షోకాజ్ నోటీసులు మూడూ ఉపసంహరణ; పగిలిన తాళం ఖరీదు విద్యార్థులు చందా వేసుకుని కట్టడం.

అధ్యయన బృందం గది దగ్గర మాత్రం గురువారం మధ్యాహ్నం బండి ఆగింది. సమావేశానికి ముందు 'అనుమతి' తీసుకోవాలని డీన్, 'సమాచారం' మాత్రమే ఇస్తామని విద్యార్థులు. అనుమతి అనే మాట కన్నడంలోనూ తెలుగులోనూ ఒకటే కనుక తప్పించుకునే దారి అనువాదంలో కూడా దొరకలేదు. నాలుగు గంటలు. డీన్‌కు కావలసింది గదిలో ఏం జరుగుతుందో ముందే తెలియడం. విద్యార్థులకు కావలసింది కాదనే అధికారం ఆయనకు లేకపోవడం. చివరికి కన్నడ ప్రతిలో 'మాహితి', తెలుగు ప్రతిలో 'సమాచారం' అని, రెండు రోజుల ముందు లిఖితపూర్వకంగా ఇవ్వాలని, గది వేరే పరీక్షకో తరగతికో కేటాయించి ఉంటే తప్ప నిరాకరించరాదని రాశాం. డిమాండ్లే వద్దన్న బృందం దీనికీ చేతులెత్తలేదు. వ్యతిరేకంగానూ ఎత్తలేదు. ఓటింగు జరుగుతున్నంతసేపూ వాళ్లు గోడకు అంటించిన కాగితాలు చిరగకుండా ఒక్కొక్కటే ఊడదీసి అట్టపెట్టెలో సర్దుకున్నారు.

మార్చి 15, శుక్రవారం మధ్యాహ్నం అప్పగింత. రెండు పక్షాల నుంచి ఇద్దరిద్దరు గది గదికీ తిరిగి, వీడియో తీసి, జాబితా రాశారు. పగిలిన తాళం ఒకటి, కనపడని స్టేప్లర్ ఒకటి, గోడ మీద టేపు మరకలు. వరండా కడగడానికి నీళ్లు చాలక తడిగుడ్డతో తుడిచారు. పోలీసులు ద్వారం దాటి రాలేదు.

ఆ తర్వాత

రెండు నెలల స్టైపెండ్ చెప్పిన గడువుకు మూడు రోజులు ఆలస్యంగా పడింది. జూన్, ఆగస్టు విడతలు వచ్చాయి. హాస్టల్ గడువు మార్పుకు సిండికేట్ ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. ఫిర్యాదుల కమిటీలో విద్యార్థి ప్రతినిధిని నియమించారు. అమ్ముడుపోయిందన్న మాట పడిన ఆ అమ్మాయినే. తీసుకోవాలా వద్దా అని నాకు ఫోన్ చేసింది. ఇలాంటి విషయంలో సలహా ఇవ్వడం నా పరిధి కాదన్నాను, తీసుకుంది.

గార్డు జీతం సంగతి ఒప్పందంలో లేదు. కాంట్రాక్టరు ఈ వివాదంలో పక్షం కాదు కనుక నేను చేయగలిగింది కార్మిక శాఖకు అతని తరఫున ఒక అర్జీ రాసిపెట్టడమే.

నేను చివరిసారి నవంబరులో ఆ క్యాంపస్‌కు వెళ్లేసరికి అక్టోబరు విడత ఇంకా రాలేదు. ఫైలు ఆర్థికాధికారి దగ్గర ఉందన్నారు. అధ్యయన బృందం గురువారాలు మళ్లీ కూర్చుంటోంది, గది ఇచ్చినా ఎక్కువగా బయట చెట్టు కిందే. ప్రతి మంగళవారం ఒక విద్యార్థి ఇన్‌వర్డ్ కౌంటరులో సమాచార పత్రం ఇచ్చి, రిజిస్టరులో నంబరు వేయించుకుని, ముద్ర పడిన నకలు తెచ్చుకుంటాడు. ఆ వారం పత్రంలో 'చదవబోయే అంశం' అన్న గడిలో రాసి ఉన్నది: విశ్వవిద్యాలయ బడ్జెట్ అంచనాలు, రెండో భాగం.